అయిదు వోల్టులూ, నెత్తళ్ళ కూరా

మీరంతా సంచిలో పడేసుకుని తిరిగే ఫోను ఛార్జరు ఉంది చూశారూ, దాన్ని నేను ఇప్పటికీ కాస్త అనుమానంగానే చూస్తాను. అగ్గిపెట్టె అంత ఉంటుంది. గోడలోంచి వచ్చే రెండువందల ముప్ఫై వోల్టుల కరెంటును పట్టుకుని అయిదు వోల్టులు చేసి ఇస్తుంది. పెద్దగా వేడెక్కదు, మూలగదు, వాసన రాదు. ఇంత పని చేసి ఇంత అణకువగా ఉండేవాళ్ళను నేను మనుషుల్లో చూడలేదు.

మా రోజుల్లో అయిదు వోల్టులు అంత మర్యాదగా వచ్చేవి కావు. వాటికోసం మా దుకాణంలో ఒక చలికాలమంతా తగువు నడిచింది. ఒక పెద్దాయన బతుకుతెరువు ఆ తగువు మీద ఆధారపడింది. మధ్యవర్తిని నేను. మధ్యవర్తి అంటే రెండు వైపులా తిట్లు తినేవాడని నాకు అక్కడే బోధపడింది. ఇప్పుడిప్పుడే సర్క్యూట్ బోర్డులు గీయడం మొదలుపెట్టిన పిల్లలెవరైనా ఇది చదువుతుంటే, మీ పుస్తకాల్లో ఈ పాఠం ఉండదు కాబట్టి, కాస్త ఓపిక పట్టండి.

ఎనభైల నడిమి మాట. విజయనగరంలో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసి, దుర్గ్‌లో రైలు దిగి, భిలాయిలో అక్కాబావల క్వార్టరుకు చేరాను. బావ ఉక్కు కర్మాగారంలో పనిచేసేవాడు. నాకూ అందులోనే ఉద్యోగం వస్తుందని అందరూ నమ్మారు, ఉద్యోగాలు ఇచ్చేవాళ్ళు తప్ప. చివరికి బావ నన్ను పారిశ్రామికవాడలో ఒక రేకుల షెడ్డుకు తీసుకెళ్ళి, మన జిల్లా ఆయనే అంటూ దాని యజమానికి అప్పగించాడు.

ఆ యజమానిని మేం బాబుగారు అనేవాళ్ళం. చుట్టుపక్కల ఫౌండ్రీలకూ రోలింగు మిల్లులకూ కంట్రోలు ప్యానెళ్ళు చేసి ఇచ్చేవారు. అంటే ఇనప బీరువాల్లో మీటర్లూ రిలేలూ బిగించి తీగలు కలపడం. బయట బోర్డు మీద ఎలక్ట్రానిక్స్ అని రాసి ఉండేది గానీ, లోపలికి వస్తే రాగితీగా వార్నిష్ వాసనా తప్ప ఎలక్ట్రానిక్స్ ఎక్కడా తగిలేది కాదు. బాబుగారికి కొత్తదంటే ఇష్టం. ఆ కొత్తది పాడైతే కోపం. ఈ రెండూ ఒకే మనిషిలో ఉంటే కింద పనిచేసేవాళ్ళ సంగతి ఎలా ఉంటుందో నేను చెప్పనక్కర్లేదు.

షెడ్డులో కిటికీ పక్కన ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టే బల్ల ఒకటి ఉండేది. ఆ బల్ల ముందు కూర్చునే పెద్దాయనను అందరూ మావయ్య అనేవారు. శ్రీకాకుళం వైపు మనిషి. కర్మాగారం కట్టేటప్పుడు కంట్రాక్టరు కూలీగా వచ్చి, కట్టడం అయిపోయాక వెనక్కి వెళ్ళకుండా, మోటారు కాయిళ్ళు చుట్టడం నేర్చుకుని ఇక్కడే ఉండిపోయాడు. ఇంటినిండా తినేవాళ్ళు, సంపాదించేది ఆయనొక్కడే. ఆయన చుట్టిన ట్రాన్స్‌ఫార్మరు పచ్చడి బండలా ఉండేది, ఒకటి ఎత్తితే నడుం పట్టేసేది. కాని పాడవడం ఎవరూ ఎరగరు.

“నాను సుట్టినది ఒక్కటైనా తిరిగొచ్చినాదేటి? సూపించు బాబూ, సూపించు,” అనేవాడు ఎవరు దొరికితే వాళ్ళతో. తిరిగి మోసుకురావడానికి ఎవరికి ఓపిక ఉంటుంది మావయ్యా, అని నేను అనేవాణ్ణి. దానికి ఆయన నవ్వేవాడు కాదు. తన ట్రాన్స్‌ఫార్మర్ల మీద హాస్యం ఆయనకు నచ్చేది కాదు, మిగతా ప్రపంచం మీద ఎంతైనా నచ్చేది.

ఆ ఏడే బాబుగారు ఒక ఇంజనీరమ్మాయిని ఉద్యోగంలోకి తీసుకున్నారు. నెహ్రూ నగర్ నుంచి సైకిలు మీద వచ్చేది. తెలుగువాళ్ళ పిల్లే గాని పుట్టిందీ పెరిగిందీ భిలాయిలోనే. తెలుగులో మొదలెట్టిన వాక్యం హిందీలో ముగిసేది, కోపం వస్తే మొత్తం హిందీయే. నన్ను భయ్యా అనేది. నాకంటే వయసులో చిన్నది, చదువులో పెద్దది. మొదటిది నాకు నచ్చింది, రెండోదానికి అలవాటు పడ్డాను.

అసలు కథకు వస్తాను. భిలాయి-3 అనే పేట దాటాక ఉన్న ఒక ఫౌండ్రీ వాళ్ళు బాబుగారిని కొత్తరకం ప్యానెళ్ళు అడిగారు. వాళ్ళవి కరెంటు కొలుములు. కొలిమి చుట్టూ రాగిగొట్టం చుట్టి ఉంటుంది, ఆ గొట్టంలో ఎప్పుడూ చల్లటి నీళ్ళు తిరుగుతూ ఉండాలి. నీళ్ళు ఆగితే గొట్టం కాలిపోతుంది. కాలిన గొట్టంలోంచి నీళ్ళు కరిగిన ఇనుములో పడ్డాయంటే పెద్ద పేలుడు, దగ్గరున్నవాళ్ళు ఇంటికి రారు. తిరిగొచ్చే నీళ్ళ వేడిని చూస్తూ, అది హద్దు దాటగానే సైరను మోగించే పెట్టె వాళ్ళకు కావాలి. ఇంజనీరమ్మాయి దీనికి మైక్రోకంట్రోలర్ అనే చిప్పు పెట్టి సొంతంగా ఒక బోర్డు గీసింది. బొద్దింకంత చిప్పు, దానికి ఇన్ని తెలివితేటలేమిటని మేమంతా చుట్టూ చేరి చూశాం.

ఆ చిప్పుకు కదలకుండా మెదలకుండా అయిదు వోల్టులు కావాలి. కాస్త తగ్గితే సొమ్మసిల్లి, మళ్ళీ మొదటినుంచి లేస్తుంది. లేచేదాకా దానికి వేడీ తెలియదు, సైరనూ తెలియదు. గోడలో ఉన్నవి రెండువందల ముప్ఫై, కావలసినవి అయిదు. మధ్యలో ఎవరు నిలబడాలన్నదే తగువు.

మావయ్య దారి పాతది. పెద్ద ట్రాన్స్‌ఫార్మరు పెట్టి కరెంటును ఓ పది వోల్టుల దాకా దించి, ఆ తర్వాత మూడు కాళ్ళ రెగ్యులేటరు ఒకటి పెట్టడం. ఆ రెగ్యులేటరు తనకు అందినదాంట్లో అయిదు ఇచ్చి, మిగతాది వేడిగా బయటికి వదిలేస్తుంది. గ్లాసుడు పాలకోసం చెంబుడు తెచ్చి మిగతావి పారబోయడం లాంటిది. దుబారాయే, కాని అందులో చెడిపోవడానికి ఏమీ లేదు. ఆ పారబోసిన వేడి పోవడానికి దానికి అల్యూమినియం రెక్కల దిమ్మ ఒకటి బిగిస్తాం.

అమ్మాయి దారి కొత్తది. కరెంటును క్షణంలో వేలసార్లు తెరిచి మూసి, కావలసినంతే లోపలికి రానిచ్చే స్విచింగు పద్ధతి. వేడి తక్కువ, బరువు తక్కువ. అందులోనూ ట్రాన్స్‌ఫార్మరు ఉంటుంది గాని నిమ్మకాయంత. పెద్దది అక్కర్లేదు. దీంతో ఒక్కటే చిక్కు, అన్నిసార్లు తెరిచి మూసేది ఊరుకోదు, రొద చేస్తుంది. ఆ రొద చెవికి వినపడదు, పక్కనున్న తీగలకు వినపడుతుంది.

“మావయ్యా, ఇత్నా గర్మీ! సగం కరెంటు వేడికే పోతుంది. ఇది రెగ్యులేటరా, హీటరా?” అంది అమ్మాయి.

“హీటరే అనుకో పాపా. సలికాలం కదా, కాసుకుంటాం,” అన్నాడు మావయ్య. “నీ నిమ్మకాయి ఏటవుద్దో, ఎప్పుడు పేల్తాదో నీకే తెలవదు. నాది పేలినాదని ఎవడైనా సెప్పినాడేటి?”

బాబుగారు కాసేపు విని, ఎవరి మాటా కాదనలేని పెద్దమనిషి చేసే పనే చేశారు. “రెండూ చేద్దాం,” అన్నారు. ఫౌండ్రీలో రెండు కొలుములున్నాయి. ఒకదానికి మావయ్య పద్ధతి, రెండోదానికి అమ్మాయి పద్ధతి. చలికాలం గడిచేదాకా చూసి, ఏది నెగ్గితే ఇకమీదట మా షెడ్డులో అన్ని ప్యానెళ్ళకూ అదే. “అమ్మాయిదే నెగ్గిందనుకో, చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు బొంబాయి నుంచి తెప్పించుకుంటాం. చుట్టే బల్ల తీసేసి అక్కడ టెస్టింగు బల్ల వేద్దాం. వెలుతురు బాగుంటుంది,” అని కూడా అన్నారు.

మావయ్య పక్కనే ఉన్నాడు. బాబుగారు ఆయన ముఖం చూసి అనలేదు, కిటికీ చూసి అన్నారు. బల్ల తీసేస్తే ఆ బల్ల ముందు కూర్చునే మనిషిని ఏం చేస్తారో ఎవరూ అడగలేదు, అడగక్కర్లేదు కూడా. మావయ్య తీగ కత్తిరించి, చివర నోట్లో పెట్టుకుని కొరికి, మళ్ళీ చుట్టడం మొదలుపెట్టాడు. అమ్మాయి మాత్రం తలెత్తి నావైపు చూసింది. తను గెలిస్తే ఏమవుతుందో ఆ పిల్లకు అప్పటిదాకా తట్టలేదనుకుంటాను. రెండు ప్యానెళ్ళనూ పరీక్షించి ఏది మంచిదో చెప్పే పని నాకు పడింది. నాకు ఆ పని వద్దే వద్దు అనిపించింది.

మొదటి ప్యానెల్లో రెగ్యులేటరు దిమ్మను లోపల పెడితే పెట్టె వేడెక్కుతుందని, పెట్టె నెత్తిమీద, రెక్కలు పైకి ఉండేట్టు బిగించాను. చూడ్డానికి పొయ్యి మీద జల్లెడ పెట్టినట్టు ఉండేది. షెడ్డులో పరీక్షిస్తే బ్రహ్మాండంగా పనిచేసింది. రెండోది కూడా పనిచేసింది, అమ్మాయి దాని ముందు నిలబడి ఊపిరి బిగపట్టినంతసేపూ. రెండూ తీసుకెళ్ళి ఫౌండ్రీలో పెట్టాం. ఈ తగువు తేలేదాకా కొత్త ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టొద్దని బాబుగారు అనడంతో మావయ్యకు చేతిలో పని లేదు. అందుకని రోజూ ఫౌండ్రీకి వెళ్ళి రెండు ప్యానెళ్ళనూ కనిపెట్టి చూసే కాపలా ఆయనకు అప్పగించారు. ఇద్దరు అభ్యర్థుల్లో ఒకరిని ఎన్నికల అధికారిగా వేశారన్నమాట. మా బాబుగారి పరిపాలన అలా ఉండేది.

ఫౌండ్రీలో పనివాళ్ళు ఎక్కువమంది ఛత్తీస్‌గఢీలు, కొందరు మనవాళ్ళు. వారంలోనే వాళ్ళ తీర్పు వచ్చేసింది. రెండో ప్యానెల్ ఆన్ చేయగానే వాళ్ళ ట్రాన్సిస్టరు రేడియో గుర్రుగుర్రుమని మూలగడం మొదలుపెట్టేది. క్రికెట్ కామెంటరీ వస్తున్నప్పుడు, ఎవడు అవుటయ్యాడో తెలియకుండా పోయేది. “ఏ బహెన్‌జీ, మీ డబ్బా మా మ్యాచ్ తినేసింది,” అని వాళ్ళ మేస్త్రీ అమ్మాయి ముఖం మీదే అన్నాడు. అమ్మాయి పెట్టె లోపల రేకు తొడుగు వేసింది, ఎర్తు తీగ మార్చింది, రేడియోను ఇంకో మూలకు జరిపించింది. గురగురలు తగ్గాయి గాని పేరు పోయింది. మొదటి ప్యానెల్ మీద మాత్రం అందరికీ ప్రేమే. ఎందుకంత ప్రేమో నాకు అప్పట్లో తెలియలేదు, సాంకేతిక కారణాలే అనుకున్నాను.

ఇంతలో ఫిర్యాదు వచ్చింది, అదీ ముద్దుబిడ్డ మీద. మొదటి ప్యానెల్ రోజూ భోజనాల వేళకు ఆరిపోతోందని, కాసేపటికి మళ్ళీ దానంతట అదే లేస్తోందని మేస్త్రీ చెప్పాడు. “ఖానా వేళకి సో జాతా హై, బాబూ. మాకంటే ముందే పడుకుంటుంది,” అన్నాడు. మావయ్యను అడిగితే, “అప్పుడప్పుడూ కన్ను మూస్తాది. మళ్ళీ తెరుస్తాది. పెద్దదేటి కాదు,” అన్నాడు.

మేం ముగ్గురం ముగ్గురు వైద్యుల్లా తయారయ్యాం. పక్క మిల్లులు ఆ వేళకు మోటార్లు వేస్తాయని, వోల్టేజి పడిపోతుందని బాబుగారు అన్నారు. చిప్పులో రాసిన ప్రోగ్రాంలో ఏదో తప్పుందని నేను అన్నాను, రాసింది అమ్మాయి కాబట్టి అనడం తేలిక. ట్రాన్స్‌ఫార్మరే కాలుతోందని అమ్మాయి అంది, చుట్టింది మావయ్య కాబట్టి. వెళ్ళి చూస్తే మాత్రం ఏమీ కనపడేది కాదు. మేం గేటు దగ్గర స్కూటరు ఆపేసరికి లోపల అంతా సర్దుకునేది. ప్యానెల్ పచ్చగా వెలుగుతూ, మాకు నమస్కారం పెడుతున్నట్టు ఉండేది.

ఒకరోజు దారిలో బాబుగారి స్కూటరు మొరాయించింది. దాన్ని అక్కడే వదిలేసి, అటువైపు వెళ్ళే లారీ ఎక్కి, భోజనాల వేళకు ఫౌండ్రీ వెనక గేటు దగ్గర దిగాం. షెడ్డులో అడుగు పెట్టామో లేదో, ఘాటైన వాసన. మొదటి ప్యానెల్ ఆరిపోయి ఉంది.

“వార్నిష్!” అంది అమ్మాయి, కళ్ళు మెరుస్తుండగా. “మై బోలీ థీ నా భయ్యా! అప్పుడే చెప్పానా, ట్రాన్స్‌ఫార్మరు కాలిపోతోంది!”

ఆ పిల్ల ఇంట్లో నీచు వండరు, పాపం. నేను గట్టిగా ఊపిరి పీల్చాను. నా చిన్నప్పటి వాసన అది, అమ్మ వంటింట్లో ఎన్నో మధ్యాహ్నాలు పీల్చిన వాసన. “వార్నిష్ కాదు,” అన్నాను. “నెత్తళ్ళు.”

ప్యానెల్ నెత్తిమీద గోనెపట్టా ఒకటి గుడారంలా కప్పి ఉంది. ఎత్తి చూస్తే, నేను వేడి పోవడానికి రెక్కలు పైకి పెట్టి బిగించిన దిమ్మ మీద టిఫిన్ డబ్బాలు ఒకదాన్నొకటి ఆనుకుని కూర్చున్నాయి. చపాతీలు, పప్పు, వంకాయ కూర, అన్నిటికీ మధ్యలో, రెగ్యులేటరుకు సరిగ్గా పైన, నెత్తళ్ళనే చిన్న ఎండుచేపల కూర. ఆ డబ్బా మావయ్యది. చలిలో అన్నం గడ్డకట్టిపోతోందని మొదటిరోజే ఆయన పెట్టాడు, ఆయన్ని చూసి అందరూ పెట్టారు. వేడి పారిపోకుండా గోనెపట్టా కప్పే ఆలోచన కూడా ఆయనదే. గాలి ఆడక రెగ్యులేటరు ఉడికిపోయి, తన ప్రాణం కాపాడుకోవడానికి కరెంటు ఆపేసేది, దాంతో చిప్పు సొమ్మసిల్లేది. అన్నాలకు డబ్బాలు తీయగానే చల్లబడి లేచేది. స్కూటరు చప్పుడు వినగానే డబ్బాలు దాచేయడం వాళ్ళ మర్యాద, పెద్దవాళ్ళ ముందు యంత్రం మీద ఎంగిలి వస్తువులు ఉంచకూడదు కదా.

బాబుగారు నవ్వాలో అరవాలో తెలియక రెండూ కలిపి ఏదో చప్పుడు చేశారు. అమ్మాయి అయితే కిందనున్న ఇసుక బస్తా మీద కూలబడి కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. మావయ్య తలవంచుకుని డబ్బా తీసుకున్నాడు.

“ఏటి బాబూ, ఇంతుంటాది డబ్బా,” అన్నాడు. “ఇంత ట్రాన్స్‌ఫార్మరు మోసేవోడికి ఇది బరువేటి?”

నాకు మాత్రం లోపల పండగ. జబ్బు రెగ్యులేటరుది కాదు, భోజనాలది. డబ్బాలు తీస్తే మావయ్య పద్ధతి బంగారం. ప్యానెల్ పక్కన ఒక రేకు బోర్డు కట్టించాం, ఇక్కడ టిఫిన్లు పెట్టరాదని. హిందీలో ఒకసారి, తెలుగులో ఒకసారి. మావయ్యే దగ్గరుండి రాయించి, మేకు కొట్టి తగిలించాడు. ఎవడైనా డబ్బా పట్టుకుని అటు వస్తే, చదవడం రాదా అని కసిరేవాడు. ఆ తర్వాత ప్యానెల్ ఒక్కసారి కూడా కన్ను మూయలేదు. బాబుగారు మెల్లగా మావయ్య వైపు మొగ్గారు. చుట్టే బల్ల మాట ఎత్తడం మానేశారు. అమ్మాయి గొణిగింది గాని నిజం చెబితే ఆ గొణుగుడులో బలం లేదు. పెద్దాయనకు పని ఉంటుందని ఆ పిల్లకూ మనసులో కాస్త తేలికపడిందని నాకు అనుమానం.

ఫౌండ్రీ వాళ్ళ చేత ఖాయం చేయించుకోవడానికి వెళ్ళిన రోజు చలి కొరికేస్తోంది. పొగమంచులో ముందు లారీ కనపడక నెమ్మదిగా వెళ్ళాం. బాబుగారూ, అమ్మాయీ, నేనూ మేనేజరు గదిలో కూర్చుని టీ తాగుతున్నాం. మొదటి ప్యానెల్ పద్ధతే ఉంచుదామని మేనేజరు అన్నాడు, రేడియో బాధ లేదు కాబట్టి. బాబుగారు సరేనన్నారు. నేను గ్లాసు కింద పెట్టి, లేచి వెళ్ళి మావయ్యకు ఈ మాట చెబుదామనుకుంటున్నాను.

అప్పుడు షెడ్డులోంచి కేక వినిపించింది. సైరను మోగవలసిన చోట మావయ్య గొంతు.

“హటో రే! హటో! పానీ బంద్! తప్పుకోండెహె!”

పరిగెత్తాం. మొదటి కొలిమికి నీళ్ళు తోడే పంపు ఆగిపోయింది. కొలిమి నుంచి తిరిగొచ్చే గొట్టం మూతి దగ్గర ఆవిరి బుసకొడుతోంది. మేస్త్రీ అప్పటికే పెద్ద స్విచ్చి లాగేశాడు, పనివాళ్ళు గోడ దాకా పారిపోయి నిలబడ్డారు. మావయ్య ఇంకా కొలిమి దగ్గరే ఉన్నాడు, వెనకబడ్డ మనిషిని ఒకణ్ణి భుజం పట్టి బయటికి నెడుతున్నాడు. సైరను ఒక్కముక్క మాట్లాడలేదు. ప్యానెల్ ఆరిపోయి ఉంది. దాని నెత్తిమీద గోనెపట్టా ఉంది. పక్కనే రేకు బోర్డు కూడా ఉంది.

ఎవరికీ ఏమీ కాలేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఆవిరి చూసింది మావయ్య, చూసి అరిచాడు కాబట్టి మేస్త్రీ స్విచ్చి లాగాడు. ఆయన ఆ పక్కన లేకపోతే ఆ మనుషుల్లో ఎంతమంది సాయంత్రం ఇళ్ళకు వెళ్ళేవారో నేను ఆలోచించదలచుకోలేదు. ఆయన ఆ పక్కన ఎందుకున్నాడంటే, తన డబ్బా తీసుకోవడానికి వచ్చాడు.

మళ్ళీ మేనేజరు గదిలో చేరాం. టీ గ్లాసుల్లో టీ అలాగే ఉంది. నేను మావయ్య తరఫున మాట్లాడదామని అప్పటికే మాటలు కూర్చుకున్నాను. దిమ్మను పక్కకు తిప్పి బిగిస్తే డబ్బా నిలబడదు, పైన ఏటవాలు రేకు వేస్తే ఏదీ ఆగదు, ఇదొక పెద్ద మార్పు కాదు, పద్ధతిలో దోషం లేదు అని. అవన్నీ నిజాలే. నేను గొంతు సవరించుకునేలోపు మావయ్య గుమ్మం దగ్గర నిలబడి మాట్లాడాడు.

“బాబుగారూ, నాది వొద్దు. పాప సేసినదే పెట్టండి.”

“అదేటి మావా,” అన్నారు బాబుగారు. “డబ్బాలు పెట్టకపోతే నీదీ బాగానే ఉంటుంది కదా.”

“పెట్టకపోతే బావుంటాది. నిజిమే. కానీ నానే పెట్టినాను బాబూ. బోర్డు రాయించినోడినే. మేకు కొట్టినోడినే. ఇయ్యాల మరీ సలేస్తంది, ఒక్క డబ్బాకి ఏటవుద్దిలే అనుకున్నాను. నన్ను సూసి ఆళ్ళూ పెట్టేసినారు. తెలిసినోడినే పెట్టీసినాను, మరి తెలవనోడు పెట్టడేటి?” ఆగాడు. “ఏడిగా ఉంటే పెడతారు. దాన్ని పక్కకి తిప్పితే సొక్కాలు ఆరేస్తారు. సలిలో మనిసి ఎచ్చదనం కాడికి రాకుండా ఉంటాడేటి?”

నా నిజాలన్నీ గొంతులోనే ఉండిపోయాయి. ఆయన ఏం ఇచ్చేస్తున్నాడో ఆయనకు తెలుసు, మా అందరికీ తెలుసు. నాకు ఏడుపు వచ్చింది, కిటికీ వైపు తిరిగి ముక్కు తుడుచుకున్నాను. బాబుగారు తన చెప్పుల వైపు చూస్తూ సరే మావా అన్నారు. మేనేజరు టీ మళ్ళీ చెప్పాడు. అది ఎవరూ తాగలేదు.

వారం తిరక్కుండా మొదటి కొలిమికి కూడా అమ్మాయి పద్ధతే పెట్టాలని నిర్ణయమైంది. అంటే ఆ నిమ్మకాయంత ట్రాన్స్‌ఫార్మర్లు కావాలి. రెండో ప్యానెల్లో ఉన్నది అమ్మాయి స్నేహితురాలు బొంబాయి నుంచి నమూనాగా తెచ్చి ఇచ్చిన ఒకే ఒక్కటి. ఇంకా కావాలని రాస్తే, అంత చిన్న ఆర్డర్లు తీసుకోమని జవాబు వచ్చింది. కావలిస్తే తీగ చుట్టని ఖాళీ ముక్కలు పంపుతామన్నారు. ఇది నాకు అమ్మాయి చెప్పింది, ఇంకెవరికీ చెప్పలేదు.

ఆ మర్నాడు మావయ్య ఎప్పటిలాగే వచ్చాడు. రావద్దని ఆయనతో ఎవరూ అనలేదు, అనే ధైర్యం బాబుగారికి లేదు. తన బల్ల ముందు కూర్చుని, చేయడానికి ఏమీ లేక, పాత తీగముక్కలు ఏరి లావువి ఒక డబ్బాలో, సన్నవి ఒక డబ్బాలో వేస్తున్నాడు. నేను అటు చూడలేక తల వంచుకుని ఏదో టంకం వేస్తున్నట్టు నటించాను.

ఆ ఖాళీ ముక్కల పార్సిలు వచ్చిన రోజు అమ్మాయి దాన్ని విప్పి, ఒక నల్లటి ముక్కా, వెంట్రుకంత తీగ చుట్టా పట్టుకుని తిన్నగా ఆ బల్ల దగ్గరకు వెళ్ళింది. రెండూ ఆయన ముందు పెట్టింది.

“మావయ్యా, ఇది చుట్టాలి. నాకు రాదు.”

మావయ్య ఆ ముక్కను అరచేతిలో వేసుకుని చూశాడు. ఆయన బొటనవేలు దానికంటే పెద్దది. తీగ చివర పట్టుకుందామని రెండుసార్లు ప్రయత్నించాడు, దొరకలేదు.

“రాదా? అంత సదువు సదివినావు, ఇది నేర్పనేదేటి?”

“నేర్పలేదు. లెక్క వేయడమే నేర్పారు.”

షెడ్డులో పనులన్నీ ఆగాయి. బాబుగారు తన గది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. మావయ్య ముక్కును అటూ ఇటూ రుద్దుకుని, ఆ నల్లముక్కను వెలుతురుకు ఎత్తి పట్టి మళ్ళీ చూసి, పక్కనున్న ముక్కాలిపీట కాలితో ఆ పిల్ల వైపు జరిపాడు.

“నాకూ రాదు. కూకో పాపా, ఇద్దరం కలిసి పాడు సేద్దాం.”